సైలో లాంటి స్లో డిస్టోపియా సిరీస్‌లు ఓపిక పట్టి చూస్తే నిజంగా ఏమన్నా దక్కుతుందా?

నెల్లూరు_మాగుంటలేఅవుట్:

అందరికీ నమస్తే. నేనూ మా ఆవిడా రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక సైలో అనే ఇంగ్లీషు డిస్టోపియా సిరీస్ (అంటే చెడిపోయి మనుషుల్ని అణిచేసే లోకం కథ) చూడటం మొదలుపెట్టాం. మొదటి ఎపిసోడ్ మాత్రం కళ్ళార్పకుండా చూశాం. భూమి లోపల 144 అంతస్తులు, పదివేల మంది జనం, లిఫ్టు అనేదే లేదు, నడిమధ్యన గుండ్రంగా తిరిగే మెట్లదారి ఒకటే, ఎవరన్నా నోరు తెరిచి "నేను బయటికి పోతా" అన్నారంటే ఇంక ఆ మాట వెనక్కి తీసుకునేదానికి లేదు, సూటు తొడిగి పంపించేస్తారు, పోయేవాళ్ళు పోతా పోతా బయట కెమెరా అద్దం తుడిచి పోవాల. అదంతా భలే పట్టేసింది. ఆ తర్వాత నుంచే మాకు ఇబ్బంది. మెట్లెక్కేది, దిగేది, ఇద్దరు ఒక గదిలో కూర్చొని గుసగుసలాడుకునేది, ఎవరో పాత సామాను ఒకటి దాచిపెట్టేది, ఇట్టా పోతా ఉంది. మా బామ్మర్ది నాలుగో ఎపిసోడ్‌లో ఆపేసి యూట్యూబ్‌లో కథ మొత్తం చెప్పే వీడియో చూసేశాడంట, మీరూ అదే చూడండి బావా టైం మిగులుద్ది అంటాడు. మా ఆవిడేమో ఆపేదానికి ఒప్పుకోవట్లా, ఇందులో ఏదో ఉంది, ఊరికే ఇంత మెల్లగా తియ్యరు అంటది.

నా డౌటు ఏందంటే, ఇట్టాంటి సిరీస్‌లలో ఓపిక పట్టినోళ్ళకి నిజంగా చివర్లో దక్కేది ఉంటుందా, లేకపోతే పది ఎపిసోడ్లు నింపాల కాబట్టి సాగదీస్తారా? ఏది ఏదో ముందే కనిపెట్టే దారి ఉందా? కథ మాత్రం బయటపెట్టొద్దు, దండం పెడతా.

ఒంగోలు_బ్యారన్:

అన్నా, మీ వదిన... సారీ, నాకు వదిన అవుతారు కదా, ఆమె మాటే వినండి. ఆపొద్దు.

నా లెక్క చెప్తా. మెల్లగా ఉండటం వేరు, ఏమీ జరక్కపోవటం వేరు. సైలోలో మీరు మెట్లెక్కటం అంటున్నారే, ఆ మెట్లే కదన్నా కథ. అడుగున మెకానికల్లో, అంటే మిషన్ల విభాగంలో, పనిచేసేవాళ్ళు పైకి రావాలంటే రోజు పైన పడుతుంది, ఒక కాగితం పైకి పంపాలంటే మోసుకుపోయే మనిషి కావాల, కాబట్టి పైనున్నోళ్ళు ఏం చెప్తే అదే కింద నిజం. లిఫ్టు ఎందుకు లేదు అనే ప్రశ్న మీకు మీరుగా రావాల, ఎవరో క్యారెక్టర్ వచ్చి చెప్తే అది ఎక్కదు. నాలుగు సార్లు ఆ మెట్ల మీద వాళ్ళు ఆయాసపడేది చూస్తేనే మీకు వస్తుంది. మూడో ఎపిసోడ్‌లో జనరేటర్ ఆపి రిపేరు చేస్తారు చూడండి, అది చూసేటప్పుడు నాకు చేతులకి చెమట పట్టింది, ఎందుకు, అంతకుముందు ఆ జనరేటర్ ఆగితే పదివేల మందీ పోతారు అని మెల్లమెల్లగా మన బుర్రలోకి ఎక్కించారు కాబట్టి. అదే సీను మొదటి పది నిమిషాల్లో పెట్టుంటే ఇనప సామాను శబ్దం తప్ప ఏం మిగలదు.

మాది కొండపి పక్క పొగాకు పండించే కుటుంబం. బ్యారన్‌లో (ఆకు కాల్చే కొట్టం) ఆకు కట్టినాక మొదట సెగ తక్కువ పెడతాం, ఆకు పసుపుపచ్చగా తిరిగిందాకా ఆగాల. తొందరపడి సెగ పెంచితే పచ్చదనం అట్టాగే ఉండిపోతుంది, వేలంలో రేటు రాదు. అట్టాగని తిరిగినాక కూడా సెగ పెంచకుండా కూర్చుంటే ఆకు నల్లబడి పోతుంది. రాత్రంతా కాపలా కాసేది ఎందుకంటే ఆ సమయం తప్పకూడదనే. సిరీస్ తీసేవాళ్ళకి కూడా ఆ చెయ్యి ఉండాల, యాడ ఆగాలో యాడ సెగ పెంచాలో తెలియాల. సైలో మొదటి సీజన్ తీసినోళ్ళకి తెలుసు. అందులో ఒక టేపు గురించి మాట వస్తుంది, అతికించే టేపు, దాన్ని గుర్తుపెట్టుకోండి. అంతే, ఇంతకు మించి చెప్పను.

యూట్యూబ్‌లో కథ తెలుసుకున్న మీ బామ్మర్దికి ఆ టేపు సంగతి ఒక్క లైన్‌లో తెలిసే ఉంటుంది. అడిగి చూడండి ఆయనకి ఏమన్నా అనిపించిందా అని.

ఇందుకూరుపేట_ఏరియేటర్:

నేను ఒప్పుకోను బ్రదర్. ఓపిక పట్టు పట్టు అని చూసేవాడికే ఎందుకు చెప్తారు, తీసేవాడికి చెప్పాల బాధ్యత. నేను రొయ్యల గుంటల కాడ రాత్రి డ్యూటీ, తెల్లారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ (డీఓ) పడిపోతుంది కాబట్టి నిద్రపోయే పని లేదు, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుండాయా లేదా చూసుకుంటా మధ్యలో ఫోన్‌లో సిరీస్‌లు చూస్తా, కాబట్టి ఓపిక నాకు లేదని ఎవరూ అనొద్దు.

హ్యాండ్‌మెయిడ్స్ టేల్ సంగతి తీసుకోండి, ఆడవాళ్ళ హక్కులన్నీ లాగేసుకున్న రాజ్యం కథ. 2017లో మొదటి సీజన్ వచ్చింది, అద్భుతం, ఆ ఏడాది అమెరికా టీవీ అవార్డులు ఎమ్మీల్లో బెస్ట్ డ్రామా అదే, స్ట్రీమింగ్‌లో వచ్చిన సిరీస్‌కి ఆ అవార్డు రావటం అదే మొదటిసారి. మార్గరెట్ అట్వుడ్ 1985లో రాసిన నవల అది, ఆ నవల కథ ఆల్‌మోస్ట్ మొదటి సీజన్‌తోనే అయిపోయింది. ఆ తర్వాత 2025 దాకా లాగారు, ఆరు సీజన్లు, 66 ఎపిసోడ్లు. రెండు మూడు సీజన్లలో ఏముంది చెప్పండి, అందులో హీరోయిన్ జూన్ తప్పించుకునేదానికి చూస్తుంది, దొరికిపోద్ది లేదా తనే ఆగిపోద్ది, మళ్ళా ఆ ఇంటికే చేరుద్ది, కెమెరా ఆమె మొహం మీద పెట్టి కదలకుండా ఉంటది, ఆమె కళ్ళు ఎర్రగా చూస్తది, కట్. మొదట్లో ఆ క్లోజప్ చూస్తే గుండె పట్టేసేది, ఎందుకంటే ఆ తెల్ల టోపీ రెక్కల మధ్య ఆమెకి ఎంత కనపడుద్దో మనకీ అంతే కనపడేది. ముప్పయ్యో సారి అదే క్లోజప్ చూస్తే ఇంకేముంటది. జూన్ వేషం వేసిన ఎలిజబెత్ మాస్ తప్పు కాదు, ఆమె ప్రాణం పెట్టి చేసింది. రాసేవాళ్ళ కాడ సరుకు అయిపోయింది, సీజన్లు మాత్రం మిగిలినాయి.

అందుకే నేను పెట్టుకున్న రూల్ ఒకటే. ఎపిసోడ్ అయిపోయినాక ఆ లోకం గురించి నాకు కొత్తగా ఏం తెలిసింది అని అడుగుతా. ఏం లేదు అని రెండు ఎపిసోడ్లు వరసగా వచ్చిందా, ఆపేస్తా. చూసినందుకు టైం పోయిందని బాధపడి ఇంకా చూడటం మంచిది కాదు.

కనిగిరి_టీచర్:

తమ్ముడూ, మీ రూల్ బానే ఉంది కానీ హ్యాండ్‌మెయిడ్స్ టేల్‌ని అంత తేలిగ్గా తీసెయ్యొద్దు. తర్వాతి సీజన్ల గురించి నేనూ వాదించను. కానీ మొదటి సీజన్లో కార్డు సీను గుర్తుందా మీకు? జూన్ ఫ్రెండ్‌తో కలిసి కాఫీ కొనుక్కోబోతే కార్డు పనిచెయ్యదు. మిషన్ ప్రాబ్లెం అనుకుంటుంది, మనమైనా అంతే కదా అనుకునేది, రెండోసారి పెట్టి చూస్తాం. కౌంటర్ కాడ ఉన్నోడు ఆడవాళ్ళతో మాట్లాడే తీరు ఏదో తేడాగా ఉంటుంది, అదీ పెద్దగా పట్టించుకోదు. ఆఫీసుకి పోతే బాస్ ఆడవాళ్ళందర్నీ నిలబెట్టి మీరు వెళ్ళిపోవాలి అంటాడు, ఆయన మొహంలోనే భయం కనపడుతుంది, గుమ్మంలో తుపాకులు పట్టుకున్నోళ్ళు. ఇంటికొచ్చాక తెలుస్తుంది ఆడవాళ్ళ పేరు మీద డబ్బు, ఆస్తి ఉండకూడదని చట్టం వచ్చిందని. అప్పుడు భర్త ఏమంటాడు, నేను నిన్ను చూసుకుంటాలే అంటాడు, ప్రేమగానే అంటాడు. ఆ మాట దగ్గర నేను పాజ్ చేసి చాలాసేపు కూర్చున్నా. మా అమ్మకి పెన్షన్ డబ్బులు తన అకౌంట్లో పడతాయి, పాస్‌బుక్ తన బీరువాలో తన చీరల కింద పెట్టుకుంటుంది, ఎవర్నీ తాకనివ్వదు. ఆ పాస్‌బుక్ విలువేందో నాకు ఆ సీను చూశాకే పూర్తిగా అర్థమైంది.

ఆ సీనుని ఫాస్ట్‌గా తీసుంటే ఒక వార్తలాగా దాటిపోయేది. మెల్లగా తీశారు కాబట్టే ప్రతి మెట్టు దగ్గరా "ఇది సర్దుకుపోవచ్చులే" అని మనక్కూడా అనిపిస్తుంది, చివరికొచ్చేసరికి సర్దుకునేదానికి ఏం మిగల్లేదని తెలుస్తుంది. డిస్టోపియాకి నిదానం ఎందుకు కావాలంటే అందుకే. రాక్షసులు ఒక్క రాత్రిలో వచ్చే కథ కాదు ఇది, అలవాటు పడే కథ. అలవాటు పడటాన్ని చూపించాలంటే టైం పడుతుంది కదా.

ఇంకొకటి, మన దేశంలో తీసింది కూడా చెప్పుకోవాలి. లైలా, 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, హుమా ఖురేషీ చేసింది, ఆరే ఎపిసోడ్లు. ప్రయాగ్ అక్బర్ నవల నుంచి తీశారు. అందులో నీళ్ళు ఉన్నోళ్ళు, లేనోళ్ళు అని లోకం విడిపోయి ఉంటుంది, మొదటి ఎపిసోడ్‌లో ఆ కుటుంబం స్విమ్మింగ్ పూల్‌లో ఆడుకుంటుంటే ఒక గుంపు వాళ్ళ మీదకి వచ్చి పడుతుంది. మాది ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతం, పళ్ళు పాచిపట్టినట్టుండే పిల్లలు, కాళ్ళు వంకర్లు పోయిన పెద్దోళ్ళు మాకు కొత్త కాదు, తాగే నీళ్ళు క్యాన్ పెట్టి కొనుక్కుంటాం, 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఒక తరం ఎదురుచూసింది. ఆ పూల్ సీనులో నాకు భయం ఆ వచ్చినోళ్ళని చూసి కాదు, ఆ నీళ్ళని చూసి వేసింది. కానీ చూడండి, ఆ సిరీస్ సరిగ్గా మంచి చోట ఆపేశారు, రెండో సీజన్ రానే లేదు. ఓపిక పట్టినోళ్ళకి అన్యాయం జరిగిందంటే అక్కడ జరిగింది, నెమ్మదిగా తియ్యటం వల్ల కాదు.

కావలి_బీచ్‌రోడ్:

టీచర్ గారూ ఆ భర్త మాట మీరు పట్టుకున్నారు చూడండి, అది నేను పూర్తిగా మర్చిపోయినా, మళ్ళా చూడాల.

అన్నకి నేను చెప్పేది ఏందంటే, ఎంత మెల్లగా ఉంది అనేదానికన్నా ఎట్టా చూస్తుండారు అనేది కూడా ఉంది. సైలో వచ్చేటప్పుడు మేం వారానికి ఒక ఎపిసోడ్ చూశాం. వారం మధ్యలో మా రూంలో అందరం అది ఎందుకు అట్టా ఉంది, ఇది ఎందుకు ఇట్టా ఉంది అని వాదించుకునేవాళ్ళం. ఇప్పుడు మీకు అన్నీ ఒకేసారి దొరుకుతుండాయి, ఒక రాత్రికి మూడు వేసుకుంటే మూడో దాంట్లో మెట్లు చూస్తే నిద్ర వస్తది, అది సిరీస్ తప్పు కాదు. రోజుకి ఒకటే పెట్టుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి, ఇది మాత్రం గట్టిగా చెప్తుండా, ఎందుకంటే ఇట్టాంటి వాటిల్లో డైలాగ్ లేని చోటే అసలు విషయం ఉంటది. స్పీడ్ పెంచి చూసేవాళ్ళు ఉంటారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు.

ప్లూరిబస్ చూశారా ఎవరన్నా? 2025 నవంబర్‌లో మొదలైంది, బ్రేకింగ్ బ్యాడ్ తీసిన విన్స్ గిల్లిగన్‌దే. అందులో ప్రపంచంలో అందరి మనసూ ఒకటైపోతుంది, హీరోయిన్ క్యారల్ లాంటి కొద్దిమంది తప్ప. ఒక ఎపిసోడ్‌లో ఆమె సూపర్‌మార్కెట్‌కి పోతే ర్యాకులన్నీ ఖాళీ. నాకు నా సరుకులు కావాల అని కోప్పడుతుంది. లారీలు వస్తాయి, జనం దిగుతారు, ఒక్కరు ఇంకొకరితో మాట్లాడకుండా, ఒకరికొకరు అడ్డం రాకుండా ర్యాకులు నింపేసి పోతారు. ఆ సీను నిమిషాల తరబడి నడుస్తుంది, ఒక్క మాట లేదు. నేను రెండేళ్ళు సూపర్‌మార్కెట్‌లో స్టాక్ సర్దే పని చేసినోణ్ణి, ఆడ అరుచుకోకుండా ఒక్క పెట్టె కూడా కదలదు, "ఇది యాడ పెట్టాల", "ఎక్స్‌పైరీ చూసినావా", "పక్కకి జరుగు" అని. ఆ నిశ్శబ్దం చూసి ఒళ్ళు జలదరించింది. గొడవ లేదు, తిట్లు లేవు, అందరూ మంచోళ్ళే, అయినా మనిషి అనేవాడు లేడు. దాన్ని ముప్పై సెకన్లలో చూపిస్తే చక్కగా పని చేశారు అనుకుంటాం, అంతసేపు చూస్తేనే భయం వేస్తది.

ఓపికకి నిజమైన పరీక్ష అంటే సెవరెన్స్, ఆఫీసులో ఉన్నప్పుడు ఇల్లు, ఇంట్లో ఉన్నప్పుడు ఆఫీసు గుర్తులేకుండా చేయించుకున్న ఉద్యోగుల కథ. 2022 ఏప్రిల్‌లో మొదటి సీజన్ ఎట్టాంటి చోట ఆపారో చూసినోళ్ళకి తెలుసు, రెండోది వచ్చేసరికి 2025 జనవరి అయింది. మధ్యలో 2023లో హాలీవుడ్ రైటర్ల సమ్మె, యాక్టర్ల సమ్మె కూడా పడ్డాయి. అంత గ్యాప్ ఇస్తే ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆ విషయంలో ఇందుకూరుపేట అన్న కోపం నాకూ ఉంది. అయినా ఆ తెల్ల కారిడార్లలో నడిచే సీన్లు ఒక్కటి కూడా తగ్గించమని అడగను. తలుపులు ఏవో, మలుపులు ఎన్నో తెలియకుండా నడిచేదే వాళ్ళ బతుకు, మనం కూడా దారి తప్పాల.

నెల్లూరు_మాగుంటలేఅవుట్:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి మీరు రాసినవి మా ఆవిడకి చదివి వినిపించినా. టీచర్ గారు రాసిన పాస్‌బుక్ దగ్గర మళ్ళా చదవమంది. మూడో ఎపిసోడ్ జనరేటర్ ఇంకోసారి వేసుకొని చూశాం, మొదటిసారి నేను మధ్యలో వాట్సాప్ చూసుకుంటా ఉన్నట్టున్నా, సగం సంగతులు కొత్తగా కనపడ్డాయి. కాబట్టి సైలో మొదటి సీజన్ పూర్తి చేస్తాం, రోజుకి ఒకటే. రెండో సీజన్ కూడా అంతే బాగుందా? బయట చూస్తే దాని మీద మాత్రం స్లో అని కంప్లైంట్లు ఎక్కువ కనపడుతుండాయి.

ఇందుకూరుపేట_ఏరియేటర్:

రెండోది సాగదీశారన్నా, నేను దాచను. కథ రెండు చోట్ల నడుస్తుంది, ఒక చోట మంచి ఊపు మీద ఉన్నప్పుడు కట్ చేసి రెండో చోటికి తీసుకుపోతారు, ఆడ ఇద్దరు మనుషులు ఒక తలుపు దగ్గర మాట్లాడుకుంటా ఉంటారు, ఎపిసోడ్ అయిపోద్ది. నా రూల్ ప్రకారం అయితే నాలుగైదు ఎపిసోడ్లలో కొత్తగా తెలిసేది తక్కువే. నేను పూర్తి చేసింది అందులో చేసిన యాక్టర్ టిమ్ రాబిన్స్ కోసం. ఆయన మెల్లగా మాట్లాడతా ఎదుటోడి మెడ మీద చెయ్యేసే తీరు ఉంది చూడు, దానికి దండం.

ఒంగోలు_బ్యారన్:

ఆ తలుపు దగ్గర సీన్లే నాకు నచ్చినాయి. చాలా ఏళ్ళు ఒంటరిగా బతికినోడు ఇంకో మనిషితో మాట్లాడటం మళ్ళా నేర్చుకోవాలంటే అంత టైం పట్టదా? తలుపు టక్కున తీసేసుంటే నేను నమ్మేవాణ్ణి కాదు. మధ్యలో ఒకటి రెండు ఎపిసోడ్లు కుదించొచ్చు అంటే మాత్రం సరే అంటా.

అన్నా, సైలో నాలుగు సీజన్లతో అయిపోతుందని ముందే ప్రకటించారు, దానికి మూలమైన హ్యూ హౌవీ పుస్తకాలు కూడా మూడే, కాబట్టి ఊరికే ఏళ్ళ తరబడి లాగుతారనే భయం లేదు. ఎక్కడ ముగించాలో తెలిసి తీసేదానికి ఓపిక పెట్టొచ్చు అని నా నమ్మకం.

కనిగిరి_టీచర్:

ఒక్కటి చెప్పి పోతా. రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో పెద్ద సీను అయిపోయాక ఇంక అయిపోయిందిలే అని టీవీ ఆపేసేవాళ్ళు ఉంటారు, మా ఇంట్లో మా అబ్బాయి అదే చేశాడు. ఆపొద్దు. పేర్లు పడేదాకా ఉంచండి. చివరి కొన్ని నిమిషాల్లో పూర్తిగా వేరే చోటికి పోతారు, మూడో సీజన్‌కి దారి అక్కడుంది. మీ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకొనే చూడండి, మీకంటే ముందు ఆమే పట్టుకుంటుంది.