‘హార్డ్లీ’ ఉంటే ట్యాగ్‌లో ‘నాట్’ ఎందుకు రాదు?

ప్రశ్న: డీఎస్సీకి చదువుతున్నానండీ. ‘హి హార్డ్లీ స్పీక్స్’ అన్న బిట్‌కి క్వశ్చన్ ట్యాగ్ (వాక్యం చివర మన ‘కదా?’లా తగిలించే చిన్న ప్రశ్న) రాయమంటే, కీలో ‘డజ్ హి?’ అని ఇచ్చారు. వాక్యంలో నాట్ ఉంటే ట్యాగ్‌లో ఉండదు, లేకపోతే ఉంటుంది అంటారు. ఇక్కడ వాక్యంలో నాట్ లేదు కాబట్టి ‘డజంట్ హి?’ కదా రావాలి?

జవాబు: కీ కరెక్టేనండీ. నాట్ కంటికి కనిపించక్కర్లేదు, అర్థంలో ఉంటే చాలు. హార్డ్లీ స్పీక్స్ అంటే దాదాపు మాట్లాడడనే. నెవర్, సెల్డమ్, నథింగ్, నోబడీ అన్నీ ఇదే బాపతు. ‘నోబడీ కేమ్, డిడ్ దే?’ దగ్గర ఇంకో తిరకాసుంది: నోబడీ ఏకవచనమే, ట్యాగ్‌లో మాత్రం దే వస్తుంది. అసలు ఇరికించేది ఫ్యూ. ‘ఫ్యూ పీపుల్ నో దిస్, డు దే?’ అంటే తెలిసినవాళ్లు లేనట్టే. ముందు ‘ఎ’ చేర్చి చూడండి: ‘ఎ ఫ్యూ పీపుల్ నో దిస్, డోంట్ దే?’ ఇప్పుడు కొందరికి తెలుసన్నమాట, ట్యాగ్ తిరగబడింది.

తర్వాత చూడాల్సింది సహాయక క్రియ, ట్యాగ్‌లోకి వచ్చేది అదే. ‘షి హ్యాజ్ గాన్’కి హ్యాజంట్ షి. ‘షి హ్యాజ్ టు గో’కి డజంట్ షి, ఎందుకంటే అక్కడ హ్యాజ్ సహాయక క్రియ కాదు. ‘యూడ్ బెటర్ గో’ అంటే యూ హాడ్, కాబట్టి హాడంట్ యూ; ‘యూడ్ రాదర్ స్టే’ అంటే యూ వుడ్, కాబట్టి వుడంట్ యూ. ‘లెట్స్ గో’కి షల్ వి, ‘ఐ యామ్ లేట్’కి ఆరంట్ ఐ. ఈ చివరి రెండూ బట్టీ పట్టాల్సిందే.

ఇంకొకరు: మనవాళ్లు అన్నిటికీ ‘ఇజంట్ ఇట్’తోనే లాగించేస్తారుగా మాస్టారూ!

జవాబు: వస్తావు కదా, వచ్చారు కదా, రాలేదు కదా... మన ‘కదా’ దేనికీ మారదు. ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వస్తుంది. లండన్ కుర్రాళ్లు ‘ఇజంట్ ఇట్’ని కుదించిన ‘ఇనిట్’ని అచ్చం అలాగే వాడతారు, కాబట్టి మనమే సిగ్గుపడనక్కర్లేదు. పరీక్షలో మాత్రం మార్కు పోతుంది.

నన్నడిగితే ట్యాగ్ తప్పినా అవతలివాడికి విషయం అర్థమవుతుంది. జవాబు తప్పితేనే గొడవ. ‘యూ డిడంట్ ఈట్, డిడ్ యూ?’ అంటే మనం ‘అవును, తినలేదు’ అనుకుని ‘యెస్’ అనేస్తాం. వాళ్లకి యెస్ అంటే తిన్నట్టే! తినకపోతే ‘నో, ఐ డిడంట్’ అనాలి. మన ‘అవును’ అడిగినవాడి మాటని ఒప్పుకుంటుంది. వాళ్ల యెస్, నో జరిగిన పనిని బట్టి వస్తాయి.

మొదటివారు: థాంక్సండీ. చివరిగా ఒక్కటి, ‘ఐ డోంట్ థింక్ హి ఈజ్ కమింగ్’కి ‘డు ఐ’ అనా?

జవాబు: కాదండీ, ‘ఈజ్ హి?’ నేను అనుకోవడం గురించి ఎదుటివాణ్ని అడిగేదేముంది? అడిగేది అతని రాక గురించి. డోంట్‌లోని నాట్ నిజానికి కమింగ్‌కి చెందింది, అందుకే ట్యాగ్‌లో నాట్ లేదు.