కర్ణభేరికి చిల్లు: చుక్కల మందుతో మూసుకుంటుందా?

కాలువగట్టు:
మా అబ్బాయికి 12 ఏళ్లు. పోయిన ఆదివారం కాలువలో దూకితే నీళ్లు చెంప మీద కొట్టినట్టు చెవికి తగిలాయి. కాస్త రక్తం వచ్చింది, ఆ చెవి సరిగ్గా వినపడటం లేదంటున్నాడు. ఈఎన్‌టీ డాక్టరు చూసి చిన్న చిల్లు పడిందన్నారు. మందేమీ రాయకుండా మూడు వారాలాగి రమ్మన్నారు. మా అత్తయ్యేమో వెల్లుల్లి వేసి కాచిన నూనె పొయ్యమంటున్నారు. మందు లేకుండా ఎలా మానుతుందో, నాకు ఒకటే టెన్షన్.

నాగావళి:
అక్కా, నూనె మాత్రం వద్దు. చిన్నప్పుడు నాకు అదే పోశారు. చిల్లు లోంచి మధ్యచెవిలోకి దిగింది, వారం తిరక్కుండా చీము పట్టింది. అది ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉండి, చివరికి ఆపరేషన్ దాకా వెళ్లింది. చెవి పైనున్న కండరం మీది పొర తీసి అతికారు. దెబ్బ వల్ల పడిన చిన్న చిల్లు చాలామందికి రెండు మూడు నెలల్లో దానంతటదే పూడుతుంది. తడి తగలనివ్వకండి, అంతే. తలస్నానానికి దూదికి వాసెలిన్ రాసి చెవి మొదట్లో పెట్టండి. ముక్కు గట్టిగా చీదనివ్వొద్దు.

మందులకొట్టు:
పదేళ్లుగా ఫార్మసీలో ఉన్నానండి. మన దగ్గర అమ్మే చుక్కలు ఇన్ఫెక్షన్ తగ్గిస్తాయి గానీ చిల్లు పూడ్చవు. చీము ఉంటే డాక్టర్లు ఎక్కువగా సిప్రోఫ్లోక్సాసిన్, ఆఫ్లోక్సాసిన్ చుక్కలు రాస్తారు. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్నవి లోపలి చెవికి చేరితే వినికిడే పోవచ్చు. అందుకే ఇంట్లో మిగిలిన పాత సీసా తియ్యొద్దు. గులిమి కరిగించే చుక్కలూ వద్దు. పడింది కాలువ నీళ్లు కాబట్టి చీము, జ్వరం, తల తిరగడం ఏది కనిపించినా మూడు వారాలు ఆగకుండా వెంటనే చూపించండి.

ఒసాకా తెలుగు:
చిల్లు పూడ్చే మందు ఇక్కడ ఉందండి. ట్రాఫెర్మిన్ అంటారు, కణాలు పెరిగేలా చేసే ప్రోటీన్. జపాన్‌లో 2019లో దీనికి అనుమతి ఇచ్చారు. ఇంట్లో వేసుకునే చుక్కలు కావు. నాకు పాత చిల్లు. మత్తు దూది పెట్టి, చిల్లు అంచులు కాస్త గీకి పచ్చి చేసి, మందులో నానబెట్టిన జెలటిన్ స్పాంజి ముక్క పెట్టి జిగురుతో మూశారు. నెల తర్వాత చూస్తే సన్నటి సందు మిగిలింది, రెండోసారి పెట్టాక పూర్తిగా పూడింది. మీ బాబుది కొత్త గాయం, ఇంత దూరం రాకపోవచ్చు.

కాలువగట్టు:
మూడు వారాలయ్యాయి, చూపించుకొచ్చాం. చిల్లు సగానికి తగ్గిందట, ఎక్కడా చీము లేదు. అత్తయ్యే ఇప్పుడు దూదికి వాసెలిన్ రాసి ఇస్తున్నారు. ఈతకి ఎప్పుడు పంపొచ్చు?

నాగావళి:
పూర్తిగా మూసుకుందని డాక్టరు చూసి చెప్పేదాకా వద్దక్కా. గట్టు మీద కూర్చోబెట్టండి.