చిల్లు పడ్డ డచ్ డుకటన్ కొనొచ్చా?

పాతరూక: నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ముద్రించిన డుకటన్ అనే వెండి నాణెం ఒకటి అమ్మకానికి వచ్చింది. 1730ల నాటిది. గుర్రం మీద కత్తి ఎత్తిన యోధుడు, కింద డాలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కానీ అంచు దగ్గర చిల్లు ఉంది. మామూలు ధరలో మూడో వంతుకే ఇస్తామంటున్నారు. ఏమంటారు?

వెండిగుర్రం: వద్దండీ. చిల్లు ఉంటే గ్రేడింగ్‌లో, అంటే నాణెం ఎంత బాగుందో నిపుణులు తేల్చేటప్పుడు, దెబ్బతిన్న నాణెం కిందే లెక్క. రేపు అమ్ముదామంటే అడిగే నాథుడు ఉండడు. ఇంకొన్నాళ్లు ఆగి మంచిది తీసుకోండి.

రేవుగాలి: అంత తేలిగ్గా కొట్టిపారేస్తే ఎలా? రోస్‌వైక్ అనే డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడ 1740 జనవరిలో బటావియాకు (ఇప్పటి జకార్తా) బయలుదేరి, ఇంగ్లండ్ తీరంలో గుడ్‌విన్ శాండ్స్ ఇసుకమేటల్లో మునిగింది. అందులో చిల్లులున్న నాణేలు దొరికాయి. ఓడలోని వాళ్లు వాటిని బట్టల్లో కుట్టుకుని దొంగచాటుగా తీసుకెళ్తున్నారట. ఎందుకంటే స్వదేశంలో 63 స్టైవర్లు (అప్పటి డచ్ చిల్లర నాణేలు) పలికే డుకటన్ బటావియాలో 78 పలికేది. కూర్చున్న చోటే దాదాపు పాతిక శాతం లాభం! ఆ చిల్లులోనే కథంతా ఉంది. నా మటుకు నేను కొంటాను.

వెండిగుర్రం: కథకు డబ్బులిస్తారు సరే, ఈ నాణెం ఆ ఓడదేనని రుజువేది? మెడలో వేసుకోవడానికీ చిల్లు పెట్టేవాళ్లు. నిన్న మొన్న డ్రిల్‌తో పెట్టిందీ కావచ్చు.

రేవుగాలి: అది నిజమే. అయితే భూతద్దంతో చిల్లు లోపలి గోడ చూడండి. బయటి వెండి నల్లబడి, లోపల తళతళా మెరుస్తుంటే ఈ మధ్య పెట్టిందే. సరిగ్గా యోధుడి తల పైన ఉంటే మెడలో వేలాడినదని నా అనుమానం.

పాతరూక: ఫొటో పెద్దది చేసి చూశా. చిల్లు గుర్రం తోక వైపు ఉంది, లోపల నలుపే. బరువు 32.1 గ్రాములట.

వెండిగుర్రం: అసలు బరువు 32.78 కాబట్టి చిల్లు, అరుగుదల కలిపితే సరిపోతుంది. ఉప్పునీళ్లలో మూడొందల ఏళ్లు నానితే పైభాగం గరుకుగా తినేసినట్టుండాలి, మీరేమో స్పష్టంగా ఉందంటున్నారు. ఓడ నాణెం అని చెప్పి ధర పెంచితే మాత్రం కాగితాలు అడగండి. ఎందుకంటే డచ్ ఈస్టిండియా కంపెనీవి మునిగిన ఓడలన్నీ తమవేనంటుంది డచ్ ప్రభుత్వం.

పాతరూక: ఓడ మాటే ఎత్తలేదు వాళ్లు. మూడో వంతు ధరకైతే తీసేసుకుంటున్నా.

వెండిగుర్రం: మీ ఇష్టం. నేనైతే ఇప్పటికీ కొనను.