కోల్డ్ ఫ్యూజన్ సెల్‌లో అదనపు వేడి: ఇందులో ఉత్ప్రేరకం పాత్ర ఎంత?

ప్రశ్న

నమస్కారం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. 1989 మార్చిలో యూటా యూనివర్సిటీలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు ప్రకటించిన కోల్డ్ ఫ్యూజన్ (గది ఉష్ణోగ్రత దగ్గరే పరమాణు కేంద్రకాలు కలిసి శక్తి ఇవ్వడం) మీద సెమినార్ ఇవ్వాలి. భారజలంలో (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు) లిథియం లవణం, పలాడియం కాథోడ్, ప్లాటినం ఆనోడ్. అమరిక ఇంతవరకు అర్థమైంది. ఇచ్చిన కరెంటుకు లెక్కకట్టిన దానికన్నా ఎక్కువ వేడి వచ్చిందన్నారు. పలాడియం, ప్లాటినం రెండూ మంచి ఉత్ప్రేరకాలు కదా, ఆ వేడి వాటివల్ల వచ్చిందేనా? ఉత్ప్రేరకం శక్తిని పుట్టించదని చదువుకున్నాం. అక్కడే తికమకగా ఉంది.

జవాబు 1

సరైన చోటే ఆగారు. నా పని రోజూ వేడిని కొలిచే కెలోరీమీటర్లతోనే, కాబట్టి ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. ఉత్ప్రేరకం శక్తిని పుట్టించదు, నిజమే. కానీ ఉన్న శక్తి ఎక్కడ వేడిగా బయటపడాలో అది మార్చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

మూతలేని సెల్‌లో డ్యుటీరియం, ఆక్సిజన్ బయటికి పోతాయి. భారజలాన్ని విడగొట్టడానికి ఖర్చయిన శక్తి కూడా వాటితోపాటే పోతుంది. అందుకే సెల్‌లో మిగిలే వేడిని లెక్కకట్టేటప్పుడు వోల్టేజిలోంచి సుమారు 1.54 వోల్టులు తీసేసి కరెంటుతో గుణిస్తారు. 4 వోల్టులు, 0.5 ఆంపియర్లు అనుకోండి. ఇచ్చింది 2 వాట్లు, గ్యాస్‌తో పోయేది 0.77, వేడిగా మిగలాల్సింది 1.23.

ఇప్పుడు ఆ గ్యాస్‌లో ఐదో వంతు బయటికి పోకుండా లోహపు ఉపరితలం మీదే మళ్ళీ కలిసి నీరైందనుకోండి. 0.15 వాట్లు సెల్‌లోనే ఉండిపోతాయి. ఆ సంగతి పట్టించుకోకపోతే 12 శాతం పైగా "అదనపు వేడి" కనిపిస్తుంది. అణుచర్యతో పనే లేదు.

అందుకే ఏ పేపర్ చదివినా బయటికొచ్చిన గ్యాస్‌ను కొలిచారా అన్నదే నేను ముందు వెతుకుతాను. 0.5 ఆంపియర్లకు ఫారడే లెక్క (కరెంటును బట్టి ఎంత పదార్థం విడిపోతుందో చెప్పేది) ప్రకారం గంటకు 0.187 గ్రాముల భారజలం తరగాలి. తిరిగి పోయాల్సింది అంతకన్నా తక్కువైతే గ్యాస్ లోపలే కలుస్తోందని అనుమానించాలి. ఆవిరిగా, తుంపరగా పోయే నీరు ఈ లెక్కను తారుమారు చేయగలదు కాబట్టి గ్యాస్ పరిమాణాన్ని నేరుగా కొలవడమే మేలు.

జవాబు 2

ఒక పక్షమే చెప్పారనిపించింది. అమెరికాలోని ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలో మెక్‌కుబ్రే బృందం వాడింది మూసిన సెల్. గ్యాస్ మొత్తాన్ని లోపలే ఉత్ప్రేరకం మీద కలిపి నీరు చేసేవారు. అప్పుడు 1.54 తీసివేత అక్కర్లేదు. అయినా పలాడియంలో ప్రతి పరమాణువుకు దాదాపు 0.9 డ్యుటీరియం పరమాణువులు ఎక్కాక అదనపు వేడి చూశామని వాళ్ళు రాశారు. దాన్ని గ్యాస్ లెక్కతో కొట్టెయ్యలేం.

జవాబు 1 రాసినవారు

నిజమే, మూసిన సెల్‌కి ఆ అభ్యంతరం వర్తించదు. అక్కడ నేను చూసేది వేరు. ఉత్ప్రేరకం తడిసి మందగిస్తే గ్యాస్ పోగుపడుతుంది, వేడి తగ్గినట్టుంటుంది. తర్వాత అది పుంజుకుంటే దాచిన శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ కాసేపు కొలిచి గొప్ప వేడి అనకూడదు, మొదటినుంచి చివరిదాకా మొత్తం శక్తిని కూడాలి. పైగా ప్రమాదం. 1992 జనవరిలో ఎస్‌ఆర్‌ఐలోనే ఇలాంటి సెల్ పేలి ఒక పరిశోధకుడు చనిపోయారు. దయచేసి ఎవరూ ఇంట్లో చెయ్యొద్దు.

ఇంకొకటి. డ్యుటీరియం కేంద్రకాలు మనకు తెలిసిన పద్ధతిలో కలిసి ఒక్క వాట్ వేడి ఇస్తే, సెకనుకు లక్ష కోట్లకు దగ్గరగా న్యూట్రాన్లు రావాలి. పక్కన నిలబడినవాళ్ళు బతకరు. కాబట్టి వేడి నిజమని వాదించేవారు కొత్త చర్యామార్గాన్ని కూడా చూపాలి. గూగుల్ నిధులతో జరిగిన ప్రయత్నాల ఫలితాలు 2019లో నేచర్ పత్రికలో వచ్చాయి, కోల్డ్ ఫ్యూజన్‌కు ఆధారం దొరకలేదు. అంత ఎక్కువ డ్యుటీరియాన్ని పలాడియంలో నింపడమే ఎంత కష్టమో మాత్రం బాగా తెలిసింది.

ప్రశ్న అడిగినవారు

అదే సెల్‌లో మామూలు నీరు పోసి పోల్చితే సరిపోదా?

జవాబు 1 రాసినవారు

పోల్చాలి, కానీ అదొక్కటే చాలదు. మామూలు నీటికి 1.48 వోల్టులు తీసెయ్యాలి, 1.54 కాదు. కాథోడ్ ఉపరితలం కూడా నడిచేకొద్దీ మారుతుంది, ఈరోజు కలపని గ్యాస్‌ను వారం తర్వాత కలపొచ్చు. అందుకే సెల్ నడుస్తుండగానే మధ్యమధ్యలో తెలిసిన వాట్లు ఇచ్చే చిన్న హీటర్ వేసి కెలోరీమీటర్‌ను సరిచూస్తారు. మీ సెమినార్‌లో ఆ 1.23, 0.15 లెక్కను బోర్డు మీద వేసి చూపించండి, ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.