ఒబామా ఫిలడెల్ఫియా ప్రసంగం: జాతి గురించి బాహాటంగా మాట్లాడే అభ్యర్థికి మనం ఓటు వేయాలా?

కొత్తపౌరురాలు (21 మార్చి 2008)

మంగళవారం ఫిలడెల్ఫియాలోని జాతీయ రాజ్యాంగ కేంద్రంలో బరాక్ ఒబామా చేసిన ప్రసంగాన్ని మొదటి నుంచి చివరి వరకు విన్నాను. ఆయన దాదాపు ఇరవయ్యేళ్ళుగా వెళుతున్న షికాగో చర్చి పాస్టరు జెరెమయా రైట్ అమెరికాను దూషించిన వీడియోలు టీవీల్లో పదే పదే వస్తున్న సమయమిది. ఆ మాటలను ఖండిస్తూనే ఆ మనిషిని వదులుకోలేనని చెప్పి, నల్లజాతివారి కోపానికీ శ్వేతజాతి శ్రామికుల కోపానికీ మూలాలేమిటో ఒకే వేదిక మీద వివరించడం నాకు సాహసంగా అనిపించింది.

నేను ఈమధ్యనే అమెరికా పౌరసత్వం తీసుకుని, ఏ పార్టీకీ చెందని ఓటరుగా నమోదయ్యాను. పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పెన్సిల్వేనియా ప్రైమరీలో ఒబామాకు ఓటు వేయాలంటే ఆయన డెమొక్రటిక్ పార్టీ ఓటరుగా నమోదై ఉండాలి. ఏప్రిల్ 22న జరిగే ఎన్నికకు పార్టీ మార్చుకునే గడువు ఈ సోమవారంతో, అంటే మార్చి 24తో ముగుస్తుంది. నల్లవారికీ తెల్లవారికీ మధ్య గొడవలో మనం తల దూర్చకూడదని మా వారి అభిప్రాయం. ఆ గొడవ గురించి మాట్లాడాడన్న కారణంతోనే ఒబామాకు ఓటు వేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పెన్నాతీరం

ప్రసంగం నేనూ విన్నాను. ఒక్కచోట నా మనసు విరిగింది. వీధిలో ఎదురయ్యే నల్లజాతి మగవాళ్ళను చూస్తే తనకు భయమని శ్వేతజాతికి చెందిన తన అమ్మమ్మ ఒకసారి ఒప్పుకున్నదని, ఆమె నోట వచ్చిన కొన్ని మాటలు తనను కుంచించుకుపోయేలా చేశాయని ఆయన దేశమంతటి ముందు చెప్పారు. ఆవిడకు 85 ఏళ్ళు. తల్లి ఇండొనేసియాలో ఉన్నప్పుడు, హొనలులులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ మనవణ్ణి దగ్గర పెట్టుకుని చదివించిన మనిషి. నమ్మకంతో ఇంట్లో చెప్పుకున్న మాటను, తన పాస్టరు తెచ్చిపెట్టిన ఇబ్బంది నుంచి బయటపడటానికి వాడుకోవడం నాకు ధైర్యంగా కనిపించలేదు. ఆవిడ ఏ మైకు ముందుకూ వచ్చి జవాబు చెప్పుకోలేరు.

గోస్తనీ

పెన్నాతీరం గారూ, ఆ వాక్యాన్ని సగానికి తుంచకండి. తన కోసం మళ్ళీ మళ్ళీ త్యాగాలు చేసిన మనిషి అని, ఈ లోకంలో దేన్నైనా ఎంత ప్రేమించగలదో తనను అంతగా ప్రేమించిన మనిషి అని చెప్పిన తరువాతే ఆ భయం మాట వచ్చింది. రైట్‌ను ఎలా వదులుకోలేనో ఆమెనూ అలాగే వదులుకోలేనన్నారు. అది నింద ఎలా అవుతుంది?

ముఖ్యమైన భాగాన్ని మీరు వదిలేశారు. నల్లజాతివారిని ఆస్తులు కొనుక్కోనీయకుండా, చాలాసార్లు హింసతో, అడ్డుకున్న చరిత్రను, ప్రభుత్వ హామీ ఉన్న గృహరుణాలు వారికి అందకుండా చేసిన చరిత్రను ఆయన గుర్తుచేశారు. అది ఎక్కడో దక్షిణాది కథ కాదు. మనవాళ్ళు ఇప్పుడు ఇళ్ళు కొంటున్న, ఫిలడెల్ఫియా పక్కనే ఉన్న బక్స్ కౌంటీలోని లెవిట్‌టౌన్‌లో 1957లో మొట్టమొదటి నల్లజాతి కుటుంబం దిగినప్పుడు వందలాదిమంది ఇంటి ముందు గుమిగూడి రాళ్ళు రువ్వారు. ఇది చెప్పకుండా ఈనాటి ఫిలడెల్ఫియా పేటలు ఎందుకు ఇలా ఉన్నాయో ఎవరూ వివరించలేరు. చెప్పగలిగిన అభ్యర్థి ఒకరు దొరికినప్పుడు అమ్మమ్మ దగ్గర ఆగిపోవడం న్యాయం కాదు.

పెన్నాతీరం

నేను అమ్మమ్మ దగ్గరే ఆగుతాను, ఎందుకంటే ఆయనా అక్కడే ఆగారు. నిన్న ఫిలడెల్ఫియా రేడియోలో దాని గురించి అడిగినప్పుడు, ఆవిడ ఒక మామూలు శ్వేతజాతి వ్యక్తి అని, వీధిలో తెలియని మనిషి ఎదురైతే వాళ్ళలో అలాంటి స్పందన కలగడం సహజమని అర్థం వచ్చేలా మాట్లాడారు. పెంచిన మనిషిని జాతికి నమూనాగా చూపించడమేనా జాతి గురించి బాహాటంగా మాట్లాడటం అంటే?

నిడదవోలు_కుర్రాడు

నాకు ఓటూ లేదు, గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో తెలియదు. వీసాల గురించి ఎవరేమన్నారో కూడా రాస్తే మాబోటివారికి ఉపయోగం.

జెర్సీ_పాతకాపు

నేను 1987లో జెర్సీ సిటీలో ఉన్నాను. బొట్టు పెట్టుకున్నవాళ్ళను ఊరి నుంచి తరిమేస్తామని ‘డాట్‌బస్టర్స్’ అనే ముఠా పత్రికకు ఉత్తరం రాసి, అన్నంత పనీ చేసిన ఏడాది అది. బొట్టు తుడుచుకుని బయటికి వెళ్ళమని మా పెద్దలు మా ఆవిడకు సలహా ఇచ్చారు. కనుక జాతి గురించి మాట్లాడకపోతే అది మన జోలికి రాదన్న భ్రమ నాకు లేదు.

అయితే ఒబామాను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. గత జూన్‌లో ఆయన ప్రచార సిబ్బంది విలేకరులకు అందించిన ఒక కాగితంలో, భారతీయులతో ఆయన ప్రత్యర్థి హిల్లరీ క్లింటన్‌కు ఉన్న సంబంధాలను ఎత్తిపొడుస్తూ ఆమెను పంజాబ్‌కు చెందిన డెమొక్రాట్‌గా పేర్కొన్నారు. అది తెలివితక్కువ పొరపాటని ఒబామా తరువాత ఒప్పుకుని, బాధ్యత తనదేనన్నారు. ఒప్పుకున్నందుకు నాకు ఆయనపై గౌరవం ఉంది. కానీ మంగళవారం ప్రసంగం దాదాపుగా నలుపు తెలుపుల మధ్యే నడిచింది. మన మాట ఎక్కడ?

గోస్తనీ

మన మాట అందులోనే ఉంది, జెర్సీ గారూ. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు సామాన్యుడి దృష్టిలో శ్వేతజాతివారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే వచ్చిన పౌరసత్వాలు కూడా కొందరికి రద్దయ్యాయి. 1946లో ఆ అర్హత దక్కినా, ఏడాదికి వందమందికి మించి వలస రాకూడదన్న పరిమితి పెట్టారు. ఆ గేటు తెరిచింది 1965 వలస చట్టం. నల్లజాతివారి ఓటుహక్కు చట్టం మీద ఆగస్టులో సంతకం చేసిన అధ్యక్షుడు జాన్సనే, అక్టోబరులో దాని మీదా సంతకం చేశారు. దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి దేశం మనసు మార్చినవాళ్ళు వేరేవాళ్ళు. ఆ మార్పు వల్ల పిట్స్‌బర్గ్‌లో 1976 నాటికే వెంకటేశ్వరస్వామికి గుడి కట్టుకోగలిగినవాళ్ళం మనం.

అందుకే నాకు ఆవేదనగా ఉంది. మన విందుల్లో నల్లజాతివారిని ఏ మాటతో ప్రస్తావిస్తామో, వాళ్ళున్న పేటలో ఇల్లు కొనవద్దని కొత్తగా వచ్చినవారికి ఎంత దగ్గరితనంతో చెబుతామో అందరికీ తెలుసు. ఆ అమ్మమ్మ కనీసం తన భయాన్ని మనవడి దగ్గర ఒప్పుకుంది. పెన్నాతీరం గారి బాధ ఆవిడ గురించి కాదని నా అనుమానం.

పెన్నాతీరం

మీ అనుమానం నిజమే. దాచుకోవలసిన అవసరం నాకు లేదు.

నాకు నార్త్ ఫిలడెల్ఫియాలో గ్యాస్ స్టేషన్ ఉంది. ఒక రాత్రి మూసే వేళకు ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి, గల్లా దగ్గరున్న నా భార్య తలకు తుపాకీ ఆనించారు. వాళ్ళు నల్లజాతివారు. అడ్డం వెళ్ళినందుకు నా దవడ ఎముక విరిగింది. నన్ను తన కారులో ఆసుపత్రికి చేర్చిన ఎదురింటాయన కూడా నల్లజాతివాడే. ఆ మేలు నేను మరచిపోలేదు. అయినా ఈనాటికీ చీకటి పడ్డాక కొట్టు తలుపు తెరుచుకుంటే వచ్చినవాడి రంగును బట్టి నా చేయి వణుకుతుంది. మా ఆవిడ ఆ కొట్టులో మళ్ళీ అడుగు పెట్టలేదు. మంచి స్కూళ్ళున్న శివారులో కూర్చుని 1923 తీర్పులు చదివేవారు వచ్చి, దీనికి జాతి దురభిమానమని పేరు పెడితే నేను ఒప్పుకోను. అభ్యర్థి పెట్టినా ఒప్పుకోను.

గోస్తనీ

మీ ఇంట్లో జరిగినది ఘోరం. ఆ తుపాకీ పట్టినవాడు నేరస్థుడు. కానీ ఆ నేరానికి మీ కొట్టుకు వచ్చే ప్రతి నల్లజాతి కుర్రవాడూ ఎందుకు జవాబుదారీ కావాలి? 2001 సెప్టెంబరు దాడులు జరిగిన నాలుగు రోజులకు అరిజోనాలోని మెసాలో తలపాగా చూసి ఒక సిక్కు గ్యాస్ స్టేషన్ యజమానిని కాల్చి చంపినవాడు కూడా, తనకు జరిగిన గాయానికి రూపురేఖలను బట్టే మనిషిని వెతుక్కున్నాడు.

పెన్నాతీరం

నా చేతి వణుకును హంతకుడి తుపాకీతో పోల్చారు. ఇక మీతో నాకు మాటలు లేవు. మీరు చదివిన చరిత్రలో మనుషులు లేరు.

జెర్సీ_పాతకాపు

గోస్తనీ గారూ, ఆ పోలిక తగదు.

నిర్వాహకుడు

వ్యక్తిగతమైన మాటలు ఇక్కడితో ఆపి, అభ్యర్థి గురించి మాట్లాడవలసిందిగా ఇద్దరినీ కోరుతున్నాను.

కొత్తపౌరురాలు (23 మార్చి)

రాత్రి ప్రసంగ పాఠాన్ని ముందు పెట్టుకుని మళ్ళీ చదివాను. పెన్నాతీరం గారూ, మీరు కోరిన మాట అందులో ఉంది. శ్వేతజాతి శ్రామికుల గురించి చెబుతున్నప్పుడు, నగరాల్లోని పేటల్లో నేరాల పట్ల తమకున్న భయం కూడా ఒక రకమైన దురభిమానమేనని ఇతరులు తేల్చి చెప్పినప్పుడు వారిలో కసి పేరుకుంటుందని ఒబామా అన్నారు. ఆ కసిని జాతివివక్షగా కొట్టిపారేస్తే, దాని వెనుక న్యాయమైన ఆందోళనలున్నాయని గుర్తించకపోతే, మనుషుల మధ్య అంతరం ఇంకా పెరుగుతుందని కూడా చెప్పారు. టీవీలవారు అమ్మమ్మ ముక్కను పట్టుకున్నారు గానీ ఈ ముక్కను వదిలేశారు. మీ ఇద్దరి వాదనలోనూ ఇది రాలేదు.

గోస్తనీ

వచ్చే అవకాశం ఉన్నా నేను తేలేదు. ఆ వాక్యం నాకు నచ్చలేదు, అందుకే. బానిసత్వం నుంచి, బలవంతపు వేర్పాటు నుంచి పుట్టిన కోపాన్నీ, నల్లవారూ తెల్లవారూ కలిసి చదవాలని పిల్లలను బస్సుల్లో దూరపు బడులకు పంపవలసి వచ్చిందన్న కోపాన్నీ పక్కపక్కన పెట్టడం ఓట్ల కోసం చేసిన సర్దుబాటు. నేను ఆయనను సమర్థిస్తున్నది ఈ దేశం చేసిన తప్పును పేరు పెట్టి పిలిచినందుకు. అందరి భయాలకూ సమానంగా తల ఊపినందుకు కాదు. పెన్నాతీరం గారి భయాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ అలాంటి భయాలన్నీ కలిసి ఓట్లయినప్పుడు, ఓట్లు చట్టాలైనప్పుడు, జైళ్ళు ఎవరి పిల్లలతో నిండుతాయో కూడా ఆయన చూడాలి. అది చెప్పడం అభ్యర్థి బాధ్యత.

కొత్తపౌరురాలు

అయితే మనిద్దరం ఒకే అభ్యర్థికి వేర్వేరు కారణాలతో ఓటు వేస్తున్నాము. మీకు నచ్చని ఆ వాక్యం కోసమే నేను పార్టీ మార్చుకుంటున్నాను. తన సొంత చర్చివారికీ, తనను అనుమానించే తెల్లవారికీ వినడానికి కష్టమైన మాట ఒకే పూట చెప్పిన మరో అభ్యర్థిని నేను చూడలేదు. ఫారం నింపాను. రేపు పొద్దున్నే వెస్ట్ చెస్టర్‌లోని ఎన్నికల కార్యాలయంలో ఇచ్చి వస్తాను.

పెన్నాతీరం (24 మార్చి)

అమ్మా, మీరు రాసిన తరువాత ఆ పేరా నేనూ చదివాను. అది నా మనసులోని మాటే, కాదనను. కానీ ఆ న్యాయం పేరు లేని శ్వేతజాతి శ్రామికులకు దక్కింది గానీ, పేరున్న ఆ పెద్దావిడకు దక్కలేదు. పాస్టరు కోపానికి చరిత్ర అంతా చెప్పినవారు, అమ్మమ్మ భయానికి కారణమేదైనా ఉందేమోనని ఒక్క ముక్క కూడా అడగలేదు. నేను డెమొక్రాట్‌గానే నమోదై ఉన్నాను. ఏప్రిల్ 22న నా ఓటు క్లింటన్‌కే. ఈ నాలుగు వారాల్లో ఒబామా మా పేటకు వచ్చి, మీరు చూపించిన ఆ పేరాను మా పేటవాళ్ళ ముందు, నా కొట్టుకు వచ్చే కుర్రవాళ్ళ ముందు, అలాగే చదివి వినిపిస్తే మాత్రం నేను మా ఆవిడను తీసుకుని ఆ సభకు వెళతాను.