అప్‌డేట్: పై అంతస్తు యాక్సెస్ పాయింట్ రీస్టార్ట్ సమస్య తీరింది

మల్కాజిగిరిలో మా ఇంటి పై అంతస్తులో పెట్టించిన యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) వీడియో కాల్ మధ్యలో దానంతట అదే ఆగి మళ్లీ ఆన్ అవుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, ఆ సమస్య తీరింది. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

‘ముందు కేబుల్ చూపించండి’ అన్నవారి మాటే నిజమైంది. టెక్నీషియన్ వైరు కొసను బ్లేడుతో గీకి చూపించారు. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం! కేబుల్ తొడుగు మీద మాత్రం ‘క్యాట్ 6’ (నెట్‌వర్క్ కేబుల్ రకం) అని అచ్చు వేసే ఉంది. రాగి పూత పూసిన ఇలాంటి అల్యూమినియం వైరుకు అసలైన రాగి వైరు కంటే నిరోధం ఎక్కువ. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) పద్ధతిలో డేటాతో పాటు కరెంటు కూడా ఆ వైరులోంచే వెళ్తుంది కాబట్టి, వాడకం పెరగగానే వోల్టేజీ పడిపోయి యాక్సెస్ పాయింట్ రీస్టార్ట్ అవుతోంది. అసలైన రాగి కేబుల్ లాగించాక మళ్లీ ఆగలేదు, అమ్మకు డాక్టరుగారితో వీడియో కాల్ టెన్షన్ కూడా పోయింది. కొనేటప్పుడు దయచేసి గీకి చూసి తీసుకోండి.

కొందరు చెప్పిన వైఫై ఛానెల్ (1, 6, 11) మార్చడం, ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, వీటికీ మా సమస్యకీ సంబంధం లేదు. యాక్సెస్ పాయింట్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లు, కంప్యూటర్లకు ఐపీ అడ్రసులు, అంటే నెట్‌వర్క్‌లో వాటి నంబర్లు, ఇచ్చే సెట్టింగ్) ఆపేయమన్న సలహా మాత్రం పాటించి, దాన్ని ఆపే ఉంచాను. ఐపీ అడ్రసులు కింది రౌటర్ ఒక్కటే ఇవ్వాలి.