పంచాయతీ డబ్బుని కరెంటు బాకీకి సర్దేస్తే ఊరికి జవాబు చెప్పాల్సింది ఎవరు?

మాజీ_సర్పంచ్
పక్క చర్చలో ఒకాయన "కాలువలు కంపు కొడుతుంటే సర్పంచులు ఏం చేస్తున్నారు" అని రాశారు. అక్కడ గొడవెందుకని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నా. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో గుర్తుందా? ఆర్థిక సంఘం కింద కేంద్రం పంచాయతీలకిచ్చిన డబ్బుని రాష్ట్ర ప్రభుత్వం తీసుకెళ్లి డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) బాకీలకి సర్దేసింది. పంచాయతీ తీర్మానం లేదు, సర్పంచ్ సంతకం లేదు. గెలిచి ఏడాది కాలేదు, ఖాతా ఖాళీ. 15వ ఆర్థిక సంఘం చెప్పిందేమిటి? డబ్బు రాష్ట్రానికి అందిన 10 పనిదినాల్లో పంచాయతీకి చేరాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. అలాంటి డబ్బుకే దిక్కు లేనప్పుడు కాలువ గురించి నన్నడిగితే నేనేం చెప్పను? ఖర్చు పెట్టేది వాళ్లు, తిట్లు తినేది మేము.

లెక్కల_తాతయ్య
చిన్న ప్రశ్న. వీధి దీపాలు ఎవరివి? మంచినీళ్ల మోటారు ఎవరిది? పంచాయతీవే కదా. మరి ఆ కరెంటు బాకీ ఎవరిది? అవునా కాదా చెప్పండి చాలు.

సీమ_పిల్లోడు
మా ఊర్లో లైట్లు పగలు కూడా వెలుగుతాండాయి సార్. ఆపేవాడు ల్యాడు. బిల్లు రాకుండా ఎట్లుంటాది?

మాజీ_సర్పంచ్
తాతయ్య గారూ, బాకీ పంచాయతీదే అనుకుందాం. నేను మీకు అప్పు ఉంటే మీరు నా బ్యాంకు ఖాతాలోంచి మీరే తీసేసుకుంటారా? పైగా ఆ బాకీ ఎవరి హయాంది? 2018 ఆగస్టు నుంచి 2021 ఎన్నికల దాకా ఊళ్లకి సర్పంచే లేడు, అంతా ప్రభుత్వం వేసిన ప్రత్యేకాధికారులు. ఆ కాలంలో కట్టని బిల్లులు కూడా మా నెత్తినే వేశారు. నేనడిగేది తీర్మానం సంగతి. తీర్మానం ఉందా, లేదా?

లెక్కల_తాతయ్య
అంటే బాకీ మీదే. ఒప్పుకున్నారు. సంతోషం.

నేను స్థానిక నిధుల ఆడిట్‌లో చేసి రిటైరయ్యాను. ఏ పంచాయతీకి వెళ్లినా రిజిస్టర్లో మొదట కనిపించేది కట్టని కరెంటు బిల్లు, రెండోది వసూలు కాని ఇంటి పన్ను. ఇంటి పన్ను గట్టిగా అడిగితే వచ్చేసారి ఓటు పడదని ఏ సర్పంచూ అడగడు. సొంత ఆదాయం ఉండదు కాబట్టి కేంద్రం డబ్బు మీద కూర్చుంటారు. అది కాస్తా పోతే రాష్ట్రం దోచేసిందంటారు. దీపం వెలిగించుకున్నవాడు బిల్లు కట్టాలా వద్దా? ఇందులో రాజ్యాంగ సంక్షోభం ఏముంది?

ఓరుగల్లు_రాజు
మీకు ఖాతాల పైసలన్న ఉండె. మా తెలంగాణ దిక్కు 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచే లేకుండె, మళ్ల ఎలక్షన్లయ్యేదాంక ప్రత్యేకాధికారే. ఆయనకు మా ఊరొక్కటే కాదు, ఇంక వేరేవి సుత ఉండె. ఎవర్ని అడగాలె? పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం గ్రాంటు సుత ఆపిండ్రు.

మాజీ_సర్పంచ్
రాజు గారూ, నేను చెప్పేదీ అదే. ఎన్నికైనవాళ్లు లేకపోతే ప్రభుత్వానికే హాయి.

తాతయ్య గారూ, మీరు బిల్లు దగ్గరే ఆగిపోయారు. 2021 నుంచి 2026 దాకా ఆ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్నారు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు, అయినా జీతాలకి, ఆఫీసు ఖర్చులకి ముట్టకూడదన్నారు. ఇన్ని షరతులు మాకు. వర్షాకాలంలో బ్లీచింగ్ నా జేబులోంచి కొన్నాను. ఆ బిల్లు ట్రెజరీలో పెండింగని చెబుతూనే వచ్చారు, నా పదవి అయిపోయింది, డబ్బు రాలేదు. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఇది ఏ ఆడిట్ రిజిస్టర్లో కనిపిస్తుంది?

లెక్కల_తాతయ్య
రశీదుందా?

మాజీ_సర్పంచ్
ఆడిట్‌కి వచ్చినవాళ్లకి మధ్యాహ్నం భోజనాలు పెట్టినప్పుడు రశీదు అడిగారా ఎవరైనా?

లెక్కల_తాతయ్య
నోరు అదుపులో పెట్టుకోండి. నా సర్వీసులో ఎవరింట్లో మంచినీళ్లు కూడా తాగలేదు. అనుకున్నది సూటిగా చెప్పేస్తున్నా, ఏమైనా అనుకోండి: సర్పంచ్ చేతికి డబ్బు ఇవ్వకపోవడమే మంచిది. లక్షలు ఖర్చుపెట్టి గెలుస్తారు, ఆ లక్షలు ఎక్కణ్నుంచి తిరిగి రావాలి? డబ్బు దుర్వినియోగమైతే ఆ మొత్తాన్ని సర్పంచ్ మీదే సర్‌చార్జిగా వేసి రెవెన్యూ రికవరీ కింద రాబట్టే దారి చట్టంలో ఉంది. వసూలు చెయ్యబోతే ఆస్తి భార్య పేరు మీదుంటుంది. ఉద్యోగి అలా కాదు. సస్పెండ్ చెయ్యొచ్చు, ఇంక్రిమెంటు ఆపొచ్చు, పెన్షన్ ఆపొచ్చు.

సీమ_పిల్లోడు
ఇప్పుడు బయటికొచ్చె అసలు మాట 😀

మాజీ_సర్పంచ్
వచ్చింది కదా? కరెంటు బిల్లు అంతా సాకు. ఊరివాళ్లు ఎన్నుకున్నవాడు దొంగ, పైనుంచి వేసినవాడు దొర. పంచాయతీల కోసం తెచ్చిన రాజ్యాంగ 73వ సవరణ, 11వ షెడ్యూల్లో 29 అంశాలు, అన్నీ గోడ మీద రాసుకోవడానికే. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఒక్కో పనికి ఒక్కో ఉద్యోగి. మంచిదే, కాదనను. కానీ ఆ ఉద్యోగి సెలవు పెట్టేది నాకు కాదు, రిపోర్టు ఇచ్చేది నాకు కాదు. ఊళ్లో కుళాయి రాకపోతే మాత్రం జనం వచ్చేది నా ఇంటికి. మీ ఉద్యోగిని సస్పెండ్ చేసినట్టు ఎన్నిసార్లు విన్నారు?

లెక్కల_తాతయ్య
రాజ్యాంగంలో 243జి అధికరణం చదవండి. అధికారాలు రాష్ట్ర శాసనసభ "ఇవ్వవచ్చు" అనే ఉంది, "ఇచ్చి తీరాలి" అని లేదు. ఇవ్వనిదాని గురించి ఏడ్చి లాభం లేదు.

రెండో_వార్డు
మీ ఇద్దరి మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది కాలనీ. ఊరి ట్యాంకు నుంచి లైను మా వీధికి చివర్న వస్తుంది, మోటారు ఆపేసే వేళకి మాకు నీళ్లు మొదలవుతాయి. సర్పంచ్ ఉన్నప్పుడూ ఇంతే, ప్రత్యేకాధికారి ఉన్నప్పుడూ ఇంతే, సచివాలయం వచ్చాకా ఇంతే. మామూలుగా గ్రామసభ ఎప్పుడు జరుగుతుందో మాకు తెలీదు. రిజిస్టరు పట్టుకుని ఇంటికొచ్చి మా అత్తగారి చేత వేలిముద్ర వేయించుకెళ్లారు.

గట్టుమీద_బాబాయ్
అమ్మాయి చెప్పింది నిజం. మా ఊళ్లోనూ సంతకాలు ఇంటికే వస్తాయి. డోర్ డెలివరీ.

మాజీ_సర్పంచ్
అమ్మా, మీ ఊరి సంగతి నాకు తెలియదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు కదా, వెళ్లలేదా?

రెండో_వార్డు
వెళ్లాను సార్. ఉపాధి హామీ పనుల జాబితా చదివారు, చప్పట్లు కొట్టించారు. నీళ్ల గురించి లేచి అడిగితే "అది వేరే పద్దు" అన్నారు.

ఇ-గ్రామస్వరాజ్ అని కేంద్రం వెబ్‌సైటు ఉంది. లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఏ పనికి ఎంత చెల్లించారో వస్తుంది. మా తమ్ముడు చూపించాడు. రెండో వార్డు పైపులైను మరమ్మతు అని ఉంది. మా వీధిలో గునపం దిగిన జాడ లేదు. దానికి సర్పంచ్ సంతకమూ ఉంటుంది, ఉద్యోగి సంతకమూ ఉంటుంది కదా? తాతయ్య గారి ఉద్యోగి ఎందుకు పట్టుకోలేదు?

లెక్కల_తాతయ్య
మెజర్‌మెంట్ బుక్ చూడాలమ్మా. కొలతలు రాసిన ఇంజనీరు ఎవరో అందులో ఉంటుంది. సమాచార హక్కు కింద అడగండి, గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలానికైతే 5 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి.

రెండో_వార్డు
అడిగితే నా పేరు ఊరంతా తెలుస్తుంది. మా ఆయన కూలికెళ్లేది ఆ పంచాయతీవాళ్ల పొలాలకే.

మాజీ_సర్పంచ్
ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా పంచాయతీలో కాలనీకి విడిగా లైను వెయ్యాలని నేను అజెండాలో పెట్టాను. వార్డు సభ్యులు సమావేశానికి రాకుండా కోరం (కనీస హాజరు) లేకుండా చేశారు. అలాంటప్పుడు ఒక్క సర్పంచ్ ఏం చేస్తాడు?

రెండో_వార్డు
ఎవరెవరు రాలేదో మినిట్స్ బుక్కులో రాయించారా?

మాజీ_సర్పంచ్
"కోరం లేక వాయిదా" అని రాశాం. పేర్లు రాస్తే ఊళ్లో ఉండగలమా అమ్మా?

ఓరుగల్లు_రాజు
అన్నా, మరి సర్కారు తీర్మానం లేకుంట పైసలు తీస్కపోయిందని పైన రాసినవ్ గద.

మాజీ_సర్పంచ్
రెండూ ఒకటి కాదు. అది రాష్ట్రం, ఇది ఊరు.

లెక్కల_తాతయ్య
అమ్మా రెండో వార్డు, ఆ చెల్లింపు ఏ సంవత్సరందో, వోచర్ నంబరు ఎంతో నాకు విడిగా పంపండి. దరఖాస్తు నా పేరు మీద పెడతాను. సమాచార హక్కుకి ఆ ఊరివాడే అయ్యుండాలని లేదు.